ఎర్రకుళ్ళు కాదు

డాక్టరమ్మ నోరు తెరవకముందే మా చినమావ జగదీశ్వరరావు నోరు తెరిచాడు.

"పేషెంటుకి మాత్రం సెప్పకండి మేడం. ఏటున్నా మాకు సెప్పండి," అన్నాడు.

ఆ పేషెంటు మా అత్త మోదమ్మ. గది బయట బెంచీ మీద కూర్చుని ఉంది. చెవులు బాగానే వినిపిస్తాయి, కళ్ళు బాగానే కనిపిస్తాయి, వచ్చిన తంటా అంతా నోట్లోనే. కానీ ఆవిడ నోటి సంగతి ఆవిడకి తప్ప అందరికీ తెలియాలని మా చినమావ తీర్మానం. చినమావ అంటే మా మావయ్యకి తమ్ముడు, అత్తకి మరిది. మావయ్య పోయాక ఇంటి పెద్ద ఆయనే. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యాడు. ఎవరెక్కడ ఎక్కాలో ఎక్కడ దిగాలో చెప్పే అలవాటు మాత్రం రిటైరు కాలేదు.

డాక్టరమ్మది విశాఖ. శనివారాలు అనకాపల్లి వచ్చి ఒక నర్సింగ్ హోములో కేన్సరు కేసులు చూస్తుంది. ఆవిడ చినమావ వైపు ఒకసారి, మా ఆయన బాబ్జి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి రిపోర్టు చదివింది.

"స్క్వామస్ సెల్ కార్సినోమా. అంగిట్లో. స్టేజ్ టూ. వెల్ డిఫరెన్షియేటెడ్. సీటీలో నోడ్స్ ఏమీ కనిపించలేదు, మెటాస్టాసిస్ లేదు. ఆపరేషన్ చెయ్యాలి."

ఇన్ని మాటల్లో మావాళ్ళు పట్టుకున్నది ఒక్కటే. మిగతావన్నీ వాళ్ళ పక్కనుంచి పోయాయి. నేను, "నోడ్స్ అంటే ఏంటి మేడం?" అన్నాను. మా ఆయన బల్ల కింద నా కాలు తొక్కాడు. "స్టేజ్ టూ అంటే?" అన్నాను. ఈసారి ఇంకాస్త గట్టిగా తొక్కాడు. మా ఆయన మంచివాడు. చినాన్న ఎదుట పెళ్ళాం మాట్లాడితే ఆయనకి చెమటలు పడతాయి, అంతే.

"వచ్చే వారం విశాఖ తీసుకురండి. ఆలస్యమైతే మెడలోకి దిగుతుంది. ఈలోపల చుట్ట పూర్తిగా మానిపించండి," అంది డాక్టరమ్మ.

బయటికి రాగానే చినమావ నవ్వు మొహం పెట్టుకున్నాడు.

"ఏటీ లేదు వదినా. నోటి పుండే. వేడి సేసింది. మందులిచ్చేరు."

అత్త మా ముగ్గురి మొహాలూ వరసగా చూసింది.

"నాకు వేడి సేత్తే మీ మొకాలు సల్లబడిపోయాయేటి?" అంది.

చినమావ ఆటో పిలిచాడు. ఆటో ఎక్కబోతూ నేను గొడుగు మర్చిపోయానన్నాను. నిజానికి కావాలనే డాక్టరమ్మ గదిలో కుర్చీకి తగిలించి వచ్చాను. మెట్లెక్కి వెళ్ళి, లోపలికి వెళ్ళబోతున్న వాళ్ళని రెండు నిమిషాలని బతిమాలి, గదిలోకి దూరాను.

"గొడుగు అక్కడుంది," అంది డాక్టరమ్మ.

"గొడుక్కి రాలేదు మేడం. ఇందాక మీరు చెప్పిన మాటలకి వచ్చాను. ఒక్కొక్కటీ నాకు తెలుగులో చెప్పండి. ఆవిడ నాకు అత్తే కాదు, మా నాన్న తోడబుట్టింది."

డాక్టరమ్మ నన్ను కాసేపు చూసింది. తర్వాత పెన్ను మూత తీసి, తన నోరు తెరిచి అంగిలి చూపించి మొదలుపెట్టింది. రెండు నిమిషాలన్నది పావుగంటయింది. బయట జనం తలుపు కొట్టినా ఆవిడ ఆపలేదు. ఆ ఒక్క పనికి ఆవిడకి జన్మంతా దణ్ణం పెట్టుకోవచ్చు.

*

మావైపు ఆడవాళ్ళు చుట్టని అడ్డపొగ తాగుతారు. అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు మూసుకుని పీలుస్తారు. కొత్తవాళ్ళు చూస్తే హడలిపోతారు. కానీ అందులో సుళువు అందులో ఉంది. నాట్లలో వంగి ఉంటే వానకి ఆరిపోదు. చంకలో పిల్ల మీద నుసి రాలదు. మామగారు ఎదురైతే దాచుకోనక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు. అత్త గొలుగొండ దగ్గర మా ఊరి నుంచి ఈ బుచ్చయ్యపేట పక్క పల్లెకి కాపురానికి వచ్చినప్పటి నుంచీ అలాగే తాగుతోంది. చిన్నప్పుడు నేను సెలవలకి వస్తే నా చేతే వెలిగించేది. మగవాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ నోట్లో నిప్పు పెట్టుకుని నోరు మూసుకుని కూర్చోవడం నేను ఆవిడ దగ్గరే చూశాను. నాకు మాత్రం ఆ విద్య పట్టుబడలేదు.

ఆ నిప్పు సెగకి అంగిట్లో తెల్లమచ్చ లేచింది. అది ఏళ్ళ తరబడి ఉంది. తర్వాత దాని మధ్య పుండు పడింది, మానలేదు. కారం తగిలితే మంట అంటూ అత్త పెరుగన్నంలోకి దిగాక, నేనే అనకాపల్లి పళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ఆయన చూసి, ముక్క తీయించి పరీక్షకి పంపి, సీటీ స్కాను కూడా తీయించాడు.

ఇంటికొచ్చాక పెద్దల సభ జరిగింది. అత్త పశువులశాల వైపు వెళ్ళినప్పుడు, వీధరుగు మీద. కిందటేడు మా చినమావ చెరకు మడికి ఎర్రకుళ్ళు తెగులు వచ్చింది. ఆకు వాడుతోందని ఒక గడ విరిచి నిలువునా చీల్చి చూశారు. లోపల ఎర్రగా, మధ్యలో తెల్ల మచ్చలు, పులిసిన కల్లు వాసన. ఇక ఆ తెగులుకి మందు లేదు. దుబ్బులు తవ్వి కాల్చేశారు. ఒక గడలో కనిపించిందంటే అప్పటికే మడంతా తిరిగేసి ఉంటుందని చెరకు పండించే ప్రతి ఇంట్లోనూ తెలుసు. మా ఇంట్లో ఆ మడి మంట ఇంకా ఆరలేదు.

"గడ సీల్చి సూసినట్టే ఇదీను," అన్నాడు చినమావ. "లోన ఎర్ర కనబడ్డాక మందేటుంటాది? అసలు ముక్క తీయించినప్పుడే తప్పు సేసేం. కత్తి తగిల్తే లేచిపోద్ది ఆ జబ్బు. ఇప్పుడు మల్లీ కోయించి, వదిన్ని ఇంస పెట్టి సంపుతారేటి? ఉన్నన్నాళ్ళు ఏటి తింటానంటే అదెట్టండి."

మాకవరపాలెం అవతల సత్తియ్య అని పసరు మందు ఇచ్చేవాడు ఉన్నాడట. నొప్పి తెలియకుండా చేస్తాడట. వాణ్ణి తీసుకొస్తానన్నాడు. మా ఆయన తల దించుకుని ఊపాడు. కళ్ళలో నీళ్ళు కింద పడుతున్నాయి, తల మాత్రం ఊగుతూనే ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "కత్తి తగిల్తే పాకదంట. నాను అడిగేను," అన్నాను.

"నువ్వు లోపలికెల్లమ్మా," అన్నాడు చినమావ మెత్తగానే. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు. నేను లోపలికి వెళ్ళాను, అత్తకి చెప్పాలని గట్టిగా అనుకునే వెళ్ళాను.

*

ఆ మర్నాటి నుంచీ ఇంట్లో మర్యాదలు మొదలయ్యాయి. మా ఆయన కోడిని కోయించాడు. చినమావ పూడిమడక నుంచి చేపలు తెప్పించాడు, కారం లేకుండా వండమని నాకు ఆర్డరు. పక్కింటివాళ్ళు ఏదో పనున్నట్టు వచ్చి, అత్త చెయ్యి పట్టుకుని, ఏమీ లేనట్టు వెళ్ళిపోతున్నారు.

నేను వెతుక్కుంటూ వెళ్ళేసరికి అత్త గానుగ పాక వెనక పిప్పి కుప్ప మీద కూర్చుని ఉంది. పాకలో బెల్లం వండడం ఆపి రెండు రోజులైంది, పొయ్యి చల్లగా ఉంది. పెదాలు మూసుకుని ఉంది గానీ ముక్కులోంచి పొగ వస్తోంది.

"నిప్పు లేందే పొగ రాదంటారు," అన్నాను పక్కన కూలబడి.

చుట్ట బయటికి తీసింది. "నిన్న కోడి, ఇయ్యాల సేప. బలికి తోలే మేకక్కూడా ఇన్ని మర్యాదలు సెయ్యరే. సెప్పు, కేన్సరేనా?"

నేను చెప్పాలని వచ్చిన మాట ఆవిడే అనేసింది. అవునన్నాను.

"నాకు తెలుసు. సీల్చి సూసేరు కదా, ఎర్ర కనబడి ఉంటాది," అని చుట్ట కొసని గోటితో సవరించుకుంది. "ఇంకేటుంది. దుబ్బు తవ్వీడమే. అయితే నన్ను తవ్వడానికి జగదీసు ఎవుడు? నా ఇట్టం వచ్చినప్పుడు నానే పోతాను. పసరూ వద్దు, కోతా వద్దు. సుట్ట మాన్ను. పో."

నేను హతాశురాలినయ్యాను. అత్తకి చెప్పనివ్వకపోవడమే అడ్డంకి అనుకున్నాను ఇంతసేపూ. తీరా చూస్తే అరుగు మీద మగవాళ్ళు ఏ లెక్క వేశారో ఆవిడ కూడా అదే లెక్క వేసి కూర్చుంది. పైగా దాన్ని పౌరుషం అనుకుంటోంది.

"ఇది ఎర్రకుళ్ళు కాదత్తా," అన్నాను.

"నీకెలా తెలుసు?"

"అడిగేను. గొడుగొగ్గీసొచ్చి మరీ అడిగేను."

ఆవిడ నవ్వలేదు గానీ, "ఏటడిగేవు?" అంది.

"ముక్క తీసేరు కదా, దాన్ని బయాప్సీ అంటారు. ముక్క తీత్తే పాకదు. గడ సీల్చినందుకు చినమావ మడికి తెగులొచ్చిందా? ఉన్న తెగులు కనబడింది, అంతే కదా."

"అంతే," అని ఒప్పుకుంది. చెరకు విషయంలో ఆవిడ అబద్ధం ఒప్పుకోదు.

"కార్సినోమా అంటే కేన్సర్లోనే ఒక రకం. సర్మంలోనో, నోటి లోపలుండే పొరలోనో పుట్టేది. నీకు అంగిటి పొరలో పుట్టింది. మరి స్టేజంటే, అదెంత పెరిగింది, ఎంత దూరం పోయింది అని. ఒకటి నుంచి నాలుగు దాకా ఉంటాది. నీది రెండు. పుండు పెరిగింది గానీ సోటు దాటి ఎల్లలేదు."

"ఇంకేదో అన్నాది ఆ పిల్ల. బయటికి వినబడింది. డిపరెంటో ఏదో."

ఈవిడ దగ్గర దాచాలనుకున్న మగవాళ్ళని తలుచుకుంటే నాకు నవ్వొచ్చింది. "వెల్ డిఫరెన్షియేటెడ్. స్టేజి దూరం సెప్తాది. ఇది గుణం సెప్తాది. నీది నెమ్మదైన రకం, దుడుకుది కాదు."

"అయితే నా పోలిక కాదన్నమాట," అంది అత్త.

మెడ మీద చెయ్యి వేసి చూపించాను. "ఇక్కడ బిళ్ళలుంటాయి. నోడ్సంటారు. జబ్బు నోట్లోంచి బయలుదేరితే ముందిక్కడే దిగుతాది. స్కానులో ఇక్కడేటీ కనబడలేదు. మెటాస్టాసిసంటే ఊరు దాటిపోయి ఊపిరితిత్తుల్లోనో కాలేజంలోనో కాపురం పెట్టీడం. అదీ లేదు."

అత్త చేతిలో చుట్ట దానంతటదే కాలుతోంది. ఒక పిప్పి పుల్ల తీసి రెండుగా చీల్చింది, వాసన చూసింది, పడేసింది.

"ఎర్రకుళ్ళు ఇలాగుండదే," అంది చివరికి. "అది గడ ముక్క నాటినప్పుడే, ఆ ముచ్చెలోనే ఉంటాది. మనకి కనబడేసరికి నీళ్ళతో మడంతా తిరిగీసుంటాది. ఇది తిరగలేదంటన్నావు."

"తిరగలేదు."

"ఒక్క సోటే ఉంది."

"ఒక్క సోటే."

"మరది పీకపురుగు కదే."

ఆ మాట నేననలేదు. నాకు తట్టనే లేదు. లేత చెరకులో పీకపురుగు పడితే మధ్య మొవ్వు ఎండిపోతుంది, లాగితే ఊడి వస్తుంది. అంత మాత్రానికి దుబ్బుని ఎవరూ తవ్వరు. ఎండిన పీకని మొదటికంటా కోసి, మట్టి ఎగదోస్తారు. పక్క నుంచి పిలకలు లేస్తాయి. ఈ సంగతి మా ఇంట్లో చినమావకీ తెలుసు, మా ఆయనకీ తెలుసు. భయం ముందు ఎర్రకుళ్ళునే గుర్తు చేసింది వాళ్ళకి.

"కోత్తే ఏటౌద్ది?" అని అడిగింది.

ఇక్కడ నేను ఒక్క క్షణం ఆగాను. కానీ సగం చెప్పి సగం మింగితే చినమావకీ నాకూ తేడా ఏముంది.

"అంగిట్లో బొక్క పడతాది. పళ్ళ సెట్టులాటి పలక సేసి దాన్ని మూత్తారు. పలక పెట్టుకుంటేనే తినగలవు, మాట్లాడగలవు. తీత్తే మాటంతా ముక్కులోకి పోద్ది, నీళ్ళు కూడా ముక్కులోంచొచ్చీత్తాయి. పెట్టుకున్నా ముందల్లే రాదు మాట. నేర్చుకోవాలి. మెడలో బిళ్ళలు కూడా తీసి పరీక్షకి పంపుతారు."

"మల్లీ రాకుండా పోద్దా?"

"తెలీదు. నానూ అదే అడిగేను. తెలీదనే సెప్పింది డాక్టరమ్మ. ఇప్పుడు కోత్తే పోడానికే ఎక్కువ అవకాసం అంది. ఒగ్గీత్తే మాత్రం పోదు."

అత్త నా వైపు తిరిగి సూటిగా చూసింది. "తెలీదని సెప్పిందా?"

"సెప్పింది."

"అయితే మిగతావి కూడా నిజమే అయ్యుంటాయి," అంది. చేతిలో చుట్టని పిప్పి కింద తడి మట్టిలో గుచ్చి, కాలితో నొక్కింది. ఏ శపథమూ చెయ్యలేదు. రొంటిన ఉన్న మిగతా చుట్టలు తీసి నా ఒళ్ళో పడేసి, కాస్త గంజి కాచమని ఇంటి వైపు నడిచింది.

*

సత్తియ్య వచ్చిన రోజు అరుగు మీద జనం ఉన్నారు. చినమావ బండి మీద ఎక్కించుకొచ్చాడు. సత్తియ్య చెడ్డవాడేమీ కాదు పాపం, ముసలాయన. పచ్చటి పసరున్న సీసా గుడ్డలో చుట్టి తెచ్చాడు. అత్త స్తంభానికి ఆనుకుని కూర్చుంది. మామూలుగా ఇలాంటప్పుడు ఆవిడ నోట్లో చుట్ట ఉంటుంది, పెదాలు మూసి ఉంటాయి. ఆ వేళ చుట్ట లేదు. ఎవరూ అది గమనించలేదు, నేను తప్ప.

"సత్తియ్య బావా, నా నోట్లో జబ్బు పేరేటి?" అని అడిగింది.

ఆయన తడబడి చినమావ వైపు చూశాడు. "పేర్లతో పనేటమ్మా. నొప్పికి మందిది."

"పేరు తెలీని తెగులుకి మా మడిలో మందు కొట్టం బావా. నువ్వు పెద్దోడివి, భోంచేసి ఎల్లు," అని, మరిది వైపు తిరిగింది. "జగదీసు, నీకు తెలుసు కదా పేరు. నువ్వు సెప్పు."

చినమావ గొంతు సవరించుకున్నాడు. "వదినా, అదీ… ఆ జబ్బు…"

"ఏ జబ్బు?"

"నోటి జబ్బు."

"కేన్సరు," అంది అత్త. "నాను సెప్పేను. సూడు, నోరేటీ కాలిపోలేదు. నిప్పెట్టుకుని తిరిగిన నోరిది, మాటకి కాలతాదేటి?"

మా ఆయన గుమ్మంలో నిలబడిపోయాడు. అత్త ఆపలేదు. ముక్క తీయడం ఎందుకో చెప్పింది, స్టేజంటే ఏమిటో చెప్పింది, మెడ మీద చెయ్యి పెట్టుకుని బిళ్ళలు చూపించింది. కొన్ని పేర్లు ఆవిడ నోట్లో వంకర తిరిగాయి. భావం మాత్రం ఎక్కడా తిరగలేదు.

"ఒక్క పీక ఎండిందని నన్ను దుబ్బంతా తవ్వీత్తారేటి? సేపలెట్టి, కోడెట్టి, మంచి మాటలు సెప్పి? ఏం, నీ మడైతే ఇలాగే ఒగ్గీసేవోడివా?"

చినమావ కండువా మొహం మీదికి తీసుకున్నాడు. ఆయన ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

"అన్నకి ఏటైందో మర్చిపోయేవా వదినా?" అన్నాడు. "కాలేజం పాడైందని ఆ డాక్టరు మొకమ్మీద సెప్పీసేడు. ఆ రోజు నుంచి అన్నం ముట్టలేదు అన్న. మాటే సంపీసింది. నిన్ను కూడా అలాగ పోగొట్టుకోమంటావా?"

నా కోపంలో సగం అక్కడే దిగిపోయింది. ఆయన పెద్దరికం అనుకున్నదాని కింద ఇంత దిగులుందని నాకు తెలియదు. అత్తకి తెలిసే ఉంటుంది, ఆయన్ని ఎత్తుకు పెంచింది ఆవిడే.

"నాను మర్చిపోలేదు," అంది గొంతు తగ్గించి. "మీ అన్నకి జబ్బు పేరొక్కటే సెప్పేరు జగదీసు. మిగతాది ఎవులూ సెప్పలేదు. ఎంతుంది, ఎక్కడుంది, ఏటి సెయ్యొచ్చు, అవేయీ సెప్పలేదు. అడగనివ్వలేదు. సగం మాట సెప్తే మనిసి మిగతా సగం బయంతో నింపుకుంటాడు. దాంతోటే పోయేడు మీ అన్న."

చినమావ కాసేపటికి కండువాతో మొహం తుడుచుకుని, మా ఆయనతో, "విశాక ఎప్పుడెల్లాలన్నారు?" అన్నాడు.

విశాఖలో ఆపరేషన్ ముందు రోజు డాక్టరమ్మ అలవాటుకొద్దీ మగవాళ్ళ వైపు తిరిగి, "మీకు ఓకేనా?" అంది. మంచం మీద నుంచి అత్త, "నోరు నాది. నన్నడగమ్మా," అంది. డాక్టరమ్మ సారీ చెప్పి, స్టూలు జరుపుకుని ఆవిడ ఎదురుగా కూర్చుంది. మొదటి నుంచీ మళ్ళీ చెప్పించుకుంది మా అత్త, అన్నీ తెలిసి కూడా. కొత్తగా ఒక మాట నేర్చుకుంది: మార్జిన్. పుండుతో పాటు చుట్టూ కాస్త మంచి కండ కూడా కోస్తారు. ఆ అంచులో జబ్బు లేదని తేలితే కోత సరిగ్గా పడినట్టు.

*

ఇల్లు అలకగానే పండగ కాదు. ఆపరేషన్ తర్వాత అత్త మొహం వాచిపోయి, ముక్కులో గొట్టంతో, గుర్తుపట్టలేనట్టు ఉంది. అంగిట్లో పలక పెట్టారు. మాట వస్తుంది గానీ ముక్కుతో, ఒక్కో అక్షరం ఈడ్చుకుంటూ. ఒకసారి నీళ్ళు ముక్కులోంచి వచ్చేస్తే కోపంతో మూతి గట్టిగా తుడుచుకుని నర్సు చేతిలో గ్లాసు మళ్ళీ లాక్కుంది.

రిపోర్టు వచ్చిందని డాక్టరమ్మ మమ్మల్ని వార్డు గుమ్మం దగ్గరికి పిలిచింది. అత్త నిద్రలో ఉందట.

"మార్జిన్స్ క్లియర్. అంచుల్లో ఏమీ లేదు," అంది. మా ఆయన చేతులు జోడించాడు. ఆవిడ ఇంకా అయిపోలేదన్నట్టు చెయ్యెత్తింది. "మెడలోంచి తీసిన వాటిలో ఒక్క నోడ్‌లో మాత్రం ఉంది. చాలా చిన్నది, స్కాన్‌కి అందనంత. లెక్క ప్రకారం ఇప్పుడు స్టేజ్ త్రీ అవుతుంది. గాయం మానాక రేడియేషన్ ఇవ్వాలి."

"పెరిగిపోయిందా మేడం, కోసినందుకు?" అన్నాడు మా ఆయన.

"కాదు. అప్పుడూ ఉంది. స్కాన్ బయట నుంచి చూసింది, ఇప్పుడు తీసి మైక్రోస్కోపులో చూశాం. తెలిసింది కాబట్టి దానికీ వైద్యం చేస్తాం."

పిప్పి కుప్ప మీద కూర్చుని, మెడ మీద చెయ్యి వేసి, ఇక్కడేమీ లేదత్తా అన్నది నేను. ఆ మాట మీదే కదా ఆవిడ చుట్ట మట్టిలో గుచ్చింది. ఆ మాట మీదే కదా కోతకి ఒప్పుకుంది. ఇప్పుడే గొట్టం ముక్కున పెట్టుకుని పడుకుంది, కాస్త కోలుకోనీ, తర్వాత చెబుదాం, ముందు మంచి మాట చెబుదాం. సరిగ్గా ఇవే మాటలు నా బుర్రలో తిరిగాయి. చినమావ నన్ను చూస్తున్నాడు. ఈసారి ఆయన చెప్పొద్దు అనలేదు. నువ్వే వెళ్ళమన్నట్టు తలుపు తీసి పట్టుకున్నాడు.

అత్త మేలుకునే ఉంది. నేను నవ్వు మొహం పెట్టుకుని మంచం మీద కూర్చున్నాను.

"అంచులు శుభ్రంగా ఉన్నాయత్తా. మార్జిన్ క్లియరన్నారు," అని దుప్పటి సర్దడం మొదలుపెట్టాను.

ఆవిడ నా చేతిని దుప్పటి మీద నుంచి తీసి, పట్టుకుంది. మరో చేత్తో పలక కదలకుండా దవడ కింద నొక్కి పట్టి, మెల్లగా, ముక్కుతోనే అయినా ఒక్క అక్షరం పోకుండా అడిగింది.

"మెడ?"

నేను వెనక్కి చూశాను. గుమ్మంలో చినమావ, ఆయన వెనక మా ఆయన నిలబడ్డారు.

"నువ్వు కూడా నా ఎదర మొకం మార్సీకే," అంది అత్త. "సెప్పు."

చెప్పాను. ఒక్క బిళ్ళలో ఉందన్నాను. స్కానుకి అందలేదని, ఆ రోజు నేను చెప్పిన మాట తప్పిందని చెప్పాను. రెండు కాదు మూడన్నాను. మూడంటే అయిపోయినట్టు కాదని, నాలుగో దానికీ దీనికీ చాలా తేడా ఉందని, దీనికీ వైద్యం ఉందని ఏడుస్తూనే చెప్పాను. ఆవిడ కన్నీళ్ళు కూడా కారాయి, వాచిన బుగ్గల మీద నుంచి వంకరగా. నేను తుడవబోతే తల పక్కకి తిప్పేసి, తన చేత్తోనే తుడుచుకుంది.

తర్వాత గుమ్మం వైపు చూసి, చినమావని రమ్మని వేలితో పిలిచింది. ఆయన వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మా ఆయన వచ్చి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. అత్త మళ్ళీ దవడ కింద చెయ్యి ఆనించుకుంది.

"రేడియేసనంటే ఏటి?" అంది నాతో. "ఈళ్ళక్కూడా వినబడేలా సెప్పు. సగం సెప్పకు."